అత్తయ్యగారిని జమ చేసిన రసీదు

నాకు అన్నిటికంటే ఎక్కువ భయం ఏమిటంటే, నేను చూడని క్షణంలో మా పాప గేటు తీసుకుని రోడ్డు మీదికి వెళ్ళిపోతుందని. తుఫాను భయం ఉంది, పాముల భయం ఉంది, మా ఆయన చేపల వ్యాను తోలుతూ కునుకు తీస్తారేమోనన్న భయం ఉంది. అవన్నీ వస్తాయి, పోతాయి. ఇది మాత్రం పొద్దున్నే నాకంటే ముందు లేచి కూర్చుంటుంది.

మా ఇల్లు రేవుపాలెంలో ఐసు ఫ్యాక్టరీ రోడ్డు మీద. లారీలు ఐసు కరిగిపోతోందన్న కంగారులో పోతుంటాయి. మా గేటుకు గొళ్ళెం ఉంది. పాప జోషితకు రెండున్నరేళ్ళు. బకెట్టు బోర్లించి, దాని మీద ఎక్కి, గొళ్ళెం తీయడం నేర్చుకుంది. అందుకని నేను గొళ్ళేనికి ఇనప తీగ మూడు చుట్లు చుడతాను. ఆ తీగంటే మా అత్తయ్యగారు నూకరత్నంగారికి చిరాకు. "నేను కూర్చున్నాక తీగెందుకే? నా కళ్ళకు తుప్పు పట్టిందా?" అంటారు. నిజమే. ఆవిడ వరండాలో కూర్చుని పాపను కాస్తూ ఉంటేనే నేను గడప దాటగలిగేదాన్ని. ఇప్పుడు చెప్పబోయేదంతా, అత్తయ్యగారు పగలు మా వరండాలో ఉండాలా, గవర్నమెంటు ఆఫీసులో ఉండాలా అన్న దాని గురించే.

నేను ఇంటరు మొదటి సంవత్సరంలో మానేశాను. పెళ్ళి కుదిరింది, పుస్తకాలు అటకెక్కాయి. అయినా నాకొక పని బాగా వచ్చు. ఏ ఇంట్లో ఏ వస్తువు ఎక్కడ ఉండేదో, ఎలా పాడైందో వరసగా రాయడం. భయస్తులకు ఇది పుట్టుకతోనే వస్తుందనుకుంటాను. పోకముందే పోయినట్టు ఊహించుకుంటూ ఉంటాం కదా.

రెండేళ్ళ కిందటి తుఫానులో మా ఎదురింటి గౌరివదిన టైలరింగు షాపు మునిగిపోయింది. ఇన్సూరెన్సు ఉంది. కంపెనీవారి సర్వేయరు వచ్చి, ప్యాంటు మడమల మీదికి మడుచుకుని, గుమ్మంలోంచే చూసి, "రెండు మిషన్లు తడిసినవి" అని రాసుకుని వెళ్ళిపోయాడు. నేను పాపను చంకనేసుకుని లోపలికి వెళ్ళి నాలుగు పేజీలు రాశాను. సగం కుట్టిన పెళ్ళి జాకెట్లు పదిహేడు. బురదలో కలిసిన హుక్కుల డబ్బాలు ఆరు. కొలతల పుస్తకం ఒకటి, అందులో ఊళ్ళో ఆడవాళ్ళందరి కొలతలు. ఆ పుస్తకం పోవడం వల్ల ఊరంతా మళ్ళీ కొలతలు ఇవ్వాల్సి వచ్చిందనీ, కొందరు పాత కొలతలే రాసుకోమని గొడవ చేస్తున్నారనీ కూడా రాశాను. కంపెనీవాళ్ళు చదివి, మరోసారి చదివి, ఒప్పుకున్నారు. ఆ తర్వాత ఇడ్లీబండి వాళ్ళూ కోళ్ళఫారం వాళ్ళూ వరస కట్టారు.

నాలాంటి వాళ్ళు జిల్లాలో ఇంకా ఉన్నారని పైవాళ్ళకు తెలిసింది. వెంటనే మాకొక పేరు పెట్టారు, నష్టపరిహార సహాయకులు. పేరు పెట్టారు కాబట్టి ఆఫీసు పెట్టారు. ఆఫీసు పెట్టారు కాబట్టి లైసెన్సు పెట్టారు. పదో తరగతి చాలన్నారు. పరీక్ష రాశాను, పాసయ్యాను. లైసెన్సు తీసుకుందామని వెళ్తే కౌంటరులో గుమాస్తా సన్నిబాబుగారు తలెత్తకుండా అడిగారు.

"బాండేదమ్మా?"

"ఏ బాండండీ?"

"పూచీకత్తు. రేపు మీరు ఎవరి పరిహారమో పట్టుకుని పారిపోయారనుకోండి. మేం ఎవరినో ఒకరిని పట్టుకోవాలి కదా."

"నేను పారిపోతే నన్నే పట్టుకోవచ్చు కదండీ?"

సన్నిబాబుగారు అప్పుడు తలెత్తారు. "పారిపోయినవాళ్ళను పట్టుకోవడం చాలా కష్టమమ్మా. పారిపోనివాళ్ళను పట్టుకోవడం తేలిక. అందుకే పూచీ అనేది పెట్టారు."

నాకు సబబుగానే అనిపించింది. జనం సొమ్ము, జాగ్రత్త ఉండాల్సిందే. కంపెనీ బాండు కావాలంటే డిగ్రీ ఉండాలట. లేనివాళ్ళు సొంత ఇల్లున్న మనిషిని ఒకరిని పూచీ చూపిస్తే చాలట. నా పేరన గానీ మా ఆయన పేరన గానీ ఇల్లు లేదు.

మావైపు చుట్టాలు చాలా మంచివాళ్ళు. పెళ్ళికి వెళ్తున్నామంటే మెళ్ళో గొలుసు తీసి ఇస్తారు. పురిటికి వెళ్తే నెల రోజులు కదలనివ్వరు. కాని పూచీ సంతకం అన్నామా, ఆ ఇంట్లో ఎవరికో ఒకరికి వెంటనే ఒంట్లో బాగుండదు. మా మేనమామ నన్ను చూడగానే, "రా తల్లీ, భోంచేద్దువుగాని" అన్నాడు. కాగితం తీయగానే కుడి భుజం పట్టుకున్నాడు. "నిన్నటి నుంచీ ఈ చెయ్యి లేవడం లేదే సత్యవేణీ," అన్నాడు. అదే చేత్తో నాకు రెండోసారి పప్పు వడ్డించాడు. మా పిన్నిగారింట్లో అయితే బాబాయి సంతకమే మర్చిపోయాడట. ఎలా పెట్టేవాడో గుర్తుకు రాగానే కబురు చేస్తామన్నారు.

సాయంత్రం కాళ్ళీడ్చుకుంటూ ఇంటికొచ్చాను. అత్తయ్యగారు పాపకు అన్నం కలుపుతూ విన్నారు.

"మన ఈ రేకులిల్లు ఎవరి పేరన ఉందే?"

"మీ పేరనే అత్తయ్యగారూ."

"మరి నన్నొదిలేసి ఊరంతా తిరుగుతావేం? ఆ కాగితం ఇటు తే. నాది అన్నం చెయ్యి, కడుక్కొచ్చేదాకా పాపను పట్టుకో."

ఆవిడ వయోజన విద్యలో నేర్చుకున్న సంతకం అది. ఒక్కొక్క అక్షరం ముగ్గు పెట్టినట్టు పెడతారు. ఆ సంతకం చూసి నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇక అన్నీ సుఖంగా జరిగిపోతాయనుకున్నాను.

పదిహేను రోజులకు ఆఫీసు నుంచి మా ఇంటికి విచారణకు వచ్చారు. అప్పుడు అత్తయ్యగారు పిండిమరకు వెళ్ళారు. పది నిమిషాల్లో వస్తారన్నాను. వచ్చినాయన గడియారం చూసుకుని, ఒక కాగితం రాసి, గేటుకు అంటించి వెళ్ళిపోయాడు.

"సదరు పూచీదారు విచారణ సమయమున పూచీ స్థలమందు లభ్యము కానందున, సదరు పూచీ పరారీలో నున్నట్లు భావించవలసి వచ్చినది."

అత్తయ్యగారు నెత్తిన పిండి డబ్బాతో వచ్చి, నా చేత చదివించుకున్నారు. "పరారీయా?" అన్నారు. "నలభై ఏళ్ళయింది కాపరానికొచ్చి. మీ మావయ్యగారు ఉన్నన్నాళ్ళూ పారిపోదామనుకున్నా కుదిరింది కాదు. ఈ వయసులో పిండిమర దాకా పారిపోయానా?"

మర్నాడు ముగ్గురం ఆఫీసుకు వెళ్ళాం. జిల్లా నియంత్రణాధికారి కూర్మనాథంగారు మంచి మనిషి. మాట మాత్రం సర్క్యులరు చదివినట్టుంటుంది. పేరా పూర్తయితే గాని ఊపిరి తీసుకోరు.

"అమ్మా, పూచీ అనునది పరిపాలనకు పునాది. పునాది పిండిమరకు వెళ్ళవచ్చునా? ఈమెకు గల గృహము కదలదు, సంతోషము. కాని గృహము సంతకము చేయలేదు. సంతకము చేసిన వ్యక్తి కదలుచున్నారు. కదలుచున్న పూచీని నమ్మి లైసెన్సు మంజూరు చేసినచో రేపు ప్రజలకు మేమేమి సమాధానము చెప్పగలము?"

"మరేం చెయ్యమంటారండీ?" అన్నాను.

"పూచీకత్తు కాగితమును జమ చేసినారు. పూచీదారును కూడ జమ చేయుడు. పని దినములలో ఉదయము పది మొదలు సాయంత్రము ఐదు వరకు. జిల్లా అంతటికీ ఇదే ఉత్తర్వు. మీకొక్కరికే అన్యాయము చేయుట లేదు."

అందరికీ చేస్తున్నారని తెలిసి నాకు కొంచెం ధైర్యం వచ్చింది.

సోమవారం పది గంటలకు అత్తయ్యగారు జరీ అంచు చీర కట్టుకుని వచ్చారు. సన్నిబాబుగారు కళ్ళజోడు సర్దుకుని, ఆవిడను ముందు నుంచీ పక్క నుంచీ చూసి, రసీదు రాశారు.

"స్త్రీ పూచీదారు, ఒకటి. వయసు యాభై తొమ్మిది. కళ్ళజోడు ఎడమ కాడ స్థానములో దారము. పైకి మంచి స్థితి."

"లోపల కూడా బాగానే ఉన్నాను నాయనా. రాసుకో," అన్నారు అత్తయ్యగారు.

"లోపల సంగతి మాకు సంబంధం లేదమ్మా. ఫోను ఇక్కడ పెట్టండి."

"ఫోనెందుకు?"

"వాయిదాల మీద కొన్నారా?"

"ఇంకా నాలుగు నెలలున్నాయి."

"అయితే అది భారం. పూచీదారు మీద ఏ భారమూ ఉండకూడదు. రూలు."

సరిగ్గా అప్పుడే పాప నా చంకలోంచి అత్తయ్యగారి ఒళ్ళోకి దూకింది. రోజూ దూకుతుంది కదా. నాకూ మంచి ఆలోచన తట్టింది. పగలంతా పాపను ఇక్కడే వాళ్ళ నాయనమ్మ దగ్గర వదిలిపెడితే సరి, ఆఫీసుకు గేటుంది, గేటు దగ్గర వాచ్‌మన్ ఉన్నాడు, రోడ్డు భయం లేదు. ఆ మాటే అడిగాను.

సన్నిబాబుగారు లోపలికి వెళ్ళి కూర్మనాథంగారిని అడిగి వచ్చారు. "కుదరదటమ్మా. ఒళ్ళో పిల్ల ఉంటే అది కూడా భారమేనట. ఎన్ని కిలోలుంటుంది?"

"పదకొండున్నర."

"చూశారా మరి," అన్నారాయన. పాపను విడదీసి నా చేతికిచ్చారు. రసీదు మీద ముద్ర వేశారు. ఆ వెనకే లైసెన్సు కార్డు ఇచ్చారు. కార్డు మీద నా ఫోటో ఉంది. అందులో నేను ఎవరో పిలిస్తే ఉలిక్కిపడినట్టున్నాను. ఉలిక్కిపడేదాన్ని కాబట్టి ఫోటో బాగా వచ్చినట్టే.

ఆ రోజు నుంచి నేను లైసెన్సున్న మనిషిని, ఇల్లు కదలలేని మనిషిని. ఒకసారి పాపను చంకనేసుకునే కోళ్ళఫారానికి వెళ్ళాను. చచ్చిన కోళ్ళను నేను లెక్కపెడుతుంటే, బతికున్న కోళ్ళ తలుపు అది తీసింది. నష్టం నా కళ్ళ ముందే పెరగడం మొదలెట్టింది. గౌరివదిన దగ్గర వదిలితే మిషన్ మీద బొత్తాలు నోట్లో పెట్టుకుంది. "వేణీ, నీ పిల్లను కాస్తూ కుడితే చేతులు మెడకు వస్తున్నాయి, మెడలు చంకలకు వస్తున్నాయి," అంది వదిన. ఇంట్లో కూర్చుని కాగితాలు రాసుకుందామంటే, ఒక అక్షరం రాసి గేటు వైపు చూడటం, ఒక అక్షరం రాసి గేటు వైపు చూడటం. పిల్ల బకెట్టు వెతుక్కుంటోంది. అత్తయ్యగారు వస్తే తప్ప లాభం లేదు.

అత్తయ్యగారు మాత్రం బాగున్నారు. పూచీదారుల గదిలో ఆవిడతో కలిపి పదకొండుమంది. రిటైరైన డ్రిల్లు మాస్టారు విక్టర్‌గారు పొద్దున్నే అందరి చేతా చేతులు ఊపిస్తారు. అత్తయ్యగారు డాబా మీద గుమ్మడి వడియాలు పెట్టించారు. పూచీదారులు గది దాటకూడదని రూలుంది. వడియాల తడి ఆరాలన్నది కూడా రూలేనని అత్తయ్యగారు వాచ్‌మన్‌కు నచ్చజెప్పారు. ఆఫీసులో టీ ఇన్నేళ్ళుగా నీళ్ళగా ఉండేదట. ఆవిడ వచ్చిన మూడో వారం నుంచి అల్లం పడుతోంది. ఐదింటికి నేను రసీదు చూపించి విడిపించుకోవడానికి వెళ్తే, "ఇంకో ఆట ఉందే, ఆగు" అనేవారు. క్యారమ్సు బోర్డు మీదనుంచి తలెత్తేవారు కాదు.

"పాప గౌరివదిన దగ్గర..." అని మొదలుపెట్టేదాన్ని.

అంతే, లేచి వచ్చేసేవారు. చేతికి పౌడరు అలాగే ఉండేది.

మూడో నెలలో తనిఖీ జరిగింది. వస్తువన్నాక ఏటా తరుగుతుంది కాబట్టి పూచీదారులు ఎంత తరిగారో చూడాలట. డ్రిల్లు మాస్టారికి తూకంలో కిలోన్నర తగ్గింది. ఆ మేరకు ఆయన పూచీ నిలిచిన లైసెన్సుకు ఇంకొకరిని జత చేయమన్నారు. అత్తయ్యగారు రెండు కిలోలు పెరిగారు. ఇది ఇంకా పెద్ద ఇబ్బంది అయింది. పెరిగిన రెండు కిలోలు రసీదులో లేవు.

"అనుమతి లేని అదనపు నిర్మాణము," అన్నారు కూర్మనాథంగారు విచారంగా.

"మీ టీలో పంచదారే బాబూ. వెనక్కివ్వమంటే ఎలా?" అన్నారు అత్తయ్యగారు.

ఈ ధాటికి మిగతా సహాయకులందరూ ఒక్కొక్కరే లైసెన్సులు తిరిగిచ్చేశారు. నేనూ ఆ రోజు కార్డు పట్టుకుని వెళ్ళాను. ఇడ్లీబండి వాళ్ళు ఏమైనా అనుకోనీ, నా పిల్లకు వాళ్ళ నాయనమ్మ కావాలి, అంతే. సన్నిబాబుగారు నా కార్డు తీసుకోకుండా మెల్లగా చెప్పారు.

"ఇస్తే కార్డు పోతుంది గాని ఆవిడ రారమ్మా. లైసెన్సు పోయినా పూచీ మూడేళ్ళు నడుస్తుంది. తర్వాతెప్పుడైనా మీరు చేసిన తప్పు బయటపడితే?"

"నేనే తప్పూ చెయ్యలేదు కదండీ."

"అందుకేగా, బయటపడటానికి అంత టైము ఇచ్చింది."

కార్డు మళ్ళీ పర్సులో పెట్టుకున్నాను. అలా జిల్లా మొత్తానికి లైసెన్సున్న సహాయకురాలిని నేనొక్కదాన్నే మిగిలాను.

భాద్రపదంలో ఒకరోజు మధ్యాహ్నం మబ్బు పట్టి ఒక్కసారిగా వాన దిగింది. పదకొండుమంది పూచీదారులూ వడియాలు తడిసిపోతాయని డాబా మీదికి పరిగెత్తారు. వాళ్ళు పైన గుడ్డలు మడుస్తుంటే కింద వాళ్ళ గది శ్లాబు పెచ్చులూడి పడింది. ఫ్యాను పడింది, బీరువా పడింది, అందులోని పూచీకత్తు కాగితాలన్నీ వాననీళ్ళలో నానిపోయాయి. క్యారమ్సు బోర్డు రెండు ముక్కలైంది. మనుషులెవరికీ గోరంత దెబ్బ తగల్లేదు.

మర్నాడు పదకొండుమందికీ మెమోలు వచ్చాయి. "ప్రమాద సమయమున ప్రమాద స్థలమందు లేకపోవుటకు కారణము తెలుపవలసినది."

అత్తయ్యగారు నా చేత జవాబు రాయించారు. "ఈసారి పడేముందు కబురు చేస్తే వచ్చి నిలబడతాం."

ఆఫీసు బిల్డింగుకు ఇన్సూరెన్సు ఉంది. కంపెనీ సర్వేయరు వచ్చాడు, గుమ్మంలోంచే చూశాడు, "ఫ్యాను ఒకటి, బీరువా ఒకటి" అని రాసుకున్నాడు. గౌరివదిన షాపుకు వచ్చిన ఆయనే. ప్యాంటు మడతలు కూడా అంతే ఎత్తులో ఉన్నాయి.

కూర్మనాథంగారికి జీవితంలో మొదటిసారి నష్టం జరిగింది. జరిగినవాడి తరఫున రాసేవాళ్ళు ఉండాలని అప్పుడు తెలిసింది. నాకు కబురు పెట్టారు. వెళ్ళగానే, "కూర్చోమ్మా" అన్నారు. ఆ ఆఫీసులో నేను అదివరకు కూర్చోలేదు. పాపను కూడా ఏమీ అనలేదు. పైగా దాని చేతికి తన పేపరువెయిటు ఇచ్చారు.

నాకు భయం వేసింది, ఆశ కూడా వేసింది. రెండు రోజులు అంగుళం అంగుళం తిరిగి జాబితా రాశాను. దేనికైనా ఆఫీసు రికార్డే ఆధారం కదా. జమ రిజిస్టరు తెప్పించుకుని, అందులో ఉన్నది ఉన్నట్టు ఎక్కించాను. ఫ్యాను, బీరువా, బల్లలు, కుర్చీలు. ఆ తర్వాత, "పూచీదారులు, పదకొండు. రసీదుల ప్రకారం మంచి స్థితిలో స్వీకరించబడినవి. తరుగు లెక్కించబడినది. పెచ్చులూడు గదిలో నిలువ ఉంచబడినవి."

సర్వేయరు ఆ పేజీ దగ్గర ఆగాడు. కళ్ళజోడు తుడుచుకున్నాడు.

"సార్, ఇవి మీ సరుకేనా?"

"ఆఫీసు ఆధీనములోనివే," అన్నారు కూర్మనాథంగారు.

"సరుకే అయితే ఇలాంటి గదిలో పెట్టినందుకు అజాగ్రత్త కింద మీకు ఒక్క పైసా రాదు. పోనీ, సరుకు కాదు, మనుషులే అంటారా, అప్పుడు రిజిస్టరే తప్పు. తప్పు రిజిస్టరు మీద ఫ్యాను కూడా రాదు. ఏదో ఒకటి రాసివ్వండి."

కూర్మనాథంగారు నా వైపు చూశారు. నేను పాప వైపు చూశాను. పాప పేపరువెయిటు నాకుతోంది.

మూడు రోజులు ఆయన గది తలుపు తెరుచుకోలేదు. నాలుగో రోజు ఉత్తర్వు వచ్చింది. "పూచీదారులు వస్తువులు కారు. అట్లని పూర్తిగా కాకపోరు. మనుష్యులుగా పరిగణించదగిన పూచీదారులను, వారు గృహము విడిచి కదలకుండుటకు తగిన పూచీ చూపిన మీదట, గృహమునకు పంపవచ్చును. అట్టి పూచీ నిలుచువారు చెల్లుబాటగు లైసెన్సు గలవారై యుండవలెను."

సన్నిబాబుగారు చదివి వినిపించగానే నేను ఎగిరి గంతేసినంత పని చేశాను. గడపలో అత్తయ్యగారు, మా వరండా, మా గేటు కళ్ళ ముందు కనిపించాయి. చెల్లుబాటయ్యే లైసెన్సు జిల్లాలో ఎవరికుంది? నాకే. కలం లాక్కుని సంతకం పెట్టేశాను. వెనకే డ్రిల్లు మాస్టారు నిలబడి ఉన్నారు. "అమ్మాయ్, మా ఇంట్లో మనవడి పుట్టినరోజమ్మా" అన్నారు. ఆయనకూ పెట్టాను. ఆ వెనక ఇంకో తొమ్మిదిమంది. పూచీ అంటే భుజాలు పట్టుకునే చుట్టాలు గుర్తొచ్చి, నా చెయ్యి ఆగకుండా పోయింది. పదకొండు సంతకాలు. అందరూ నా తల మీద చెయ్యి పెట్టి దీవించి, సంచులు సర్దుకుని, వడియాలు పంచుకుని వెళ్ళిపోయారు. అత్తయ్యగారు పాపను ఎత్తుకుని ముందే రిక్షా ఎక్కేశారు. "నువ్వు తర్వాత రావే, ఎండగా ఉంది" అని కేకేశారు.

నేను చెప్పులు వేసుకుంటుంటే సన్నిబాబుగారు గొంతు సవరించుకున్నారు.

"ఎక్కడికమ్మా?"

"ఇంటికండీ."

"కాగితం వెనక్కి తిప్పి చదివారా?"

ఊళ్ళో అందరి కాగితాలూ వెనక్కి తిప్పి చదివే దాన్ని నేను. వెనక ఏముందో కంపెనీవాళ్ళకే చూపించే దాన్ని. నా కాగితం మాత్రం తిప్పలేదు. ఆయనే తిప్పి చూపించారు. పూచీ నిలిచినవారిని జమ చేయవలెను. పది నుంచి ఐదు వరకు. పాత రూలే.

ఆయన పాపం మంచివాడు. రసీదు రాసేముందు నాకు కుర్చీ లాగి వేశారు. "స్త్రీ పూచీదారు, ఒకటి. వయసు ఇరవై ఐదు. ముఖమునందు ఆందోళన. మిగతా మంచి స్థితి." తర్వాత నా ఫోను అడిగారు. దానికి ఇంకా ఏడు నెలలున్నాయి.

ఇప్పుడు నేను పెచ్చులూడిన చోట సిమెంటు పూసిన గదిలో కిటికీ పక్కన ఒక్కదాన్నే కూర్చుని, రద్దయిన ఫారాల వెనక ఇది రాస్తున్నాను. కష్టమేం లేదు. ఫ్యాను వచ్చింది, కొత్తది. కూర్మనాథంగారి పరిహారం పైసాతో సహా వచ్చింది. పూచీదారులు ఇళ్ళకు పోయారు కాబట్టి వాళ్ళ పేజీ తీసేసి మళ్ళీ రాశాను మరి. ఆయన రోజుకోసారి గుమ్మం దగ్గరికి వచ్చి, "మీ సేవలు శ్లాఘనీయములు" అని చెప్పి వెళ్తున్నారు. జనం కిటికీ ఊచల్లోంచి కాగితాలు అందిస్తే రాసిపెడుతున్నాను. లైసెన్సున్నదాన్ని, కదలనిదాన్ని, ఆఫీసులోనే ఉన్నదాన్ని. ఇంత నమ్మకమైన సహాయకురాలు ఏ జిల్లాలోనూ లేదట, పైకి రాశారట.

అత్తయ్యగారు ఇల్లు కదలకూడదు కాబట్టి ఇక్కడికి రాలేరు. పగలంతా పాప ఆవిడ దగ్గరే. నాకు ఆవిడ కళ్ళ మీద నమ్మకముంది. ఆ కళ్ళజోడు కాడకు కట్టిన దారం మీద కొంచెం తక్కువుంది. పైగా నేను పొద్దున చుట్టి వచ్చిన తీగను, నేను మలుపు తిరగ్గానే ఆవిడ విప్పేస్తారని నాకు అనుమానం. అడిగితే, "తీగలు కట్టుకుని బతుకుతామా?" అంటారు.

అందుకని మీలో ఎవరైనా కాగితాలు పట్టుకుని ఈ కిటికీ దగ్గరికి వచ్చేటట్టయితే, వచ్చే దారిలో ఐసు ఫ్యాక్టరీ రోడ్డు మీద ఒక్క నిమిషం ఆగండి. నీలం గేటు, కుట్టుమిషన్ బొమ్మ ఉన్న షాపుకు ఎదురుగా. గొళ్ళేనికి తీగ ఉందో లేదో చూడండి. లేకపోతే కింద పడి ఉంటుంది, మూడు చుట్లు చుట్టండి. అత్తయ్యగారు "ఎవరూ?" అని కేకేస్తే, మంచినీళ్ళ కోసం ఆగామనండి. సత్యవేణి తరఫున వచ్చామని మాత్రం అనకండి. ఎవరి తరఫునైనా నిలబడ్డట్టు ఈ ఆఫీసుకు తెలిస్తే మీకు కూడా రసీదు రాసేస్తారు. వరండాలో పాప ఉంటుంది, దాన్ని "జోషితా" అని పేరు పెట్టి పిలవండి. "ఊఁ" అంటే చాలు, వచ్చి నాకు చెప్పండి. ఎక్కడా సంతకం పెట్టక్కర్లేదు.